ఫ్రాజీన్ పెరట్లో పరాయి పువ్వు

ఫ్రాజీన్ పాడే పాటలు ఆమె సొంతం కావని మోన్ పిపిరి ఊరంతా చెప్పుకుంటుంది. కొండ మీది అడవిలో ఉండే సిఫ్లే పిట్ట రోజూ తెల్లవారుతుండగా కిందికి దిగి, ఆమె వంటింటి కిటికీ మీద వాలి, కొత్త పాట వరస చెవిలో ఊది వెళ్తుందట. అందుకు ఆమె కోకో టీలో నానబెట్టిన రొట్టె ముక్కలు పెడుతుందట. అసలు సిఫ్లేని కళ్లారా చూసినవాళ్లే మా ఊళ్లో తక్కువ. అది ఈల వేస్తే కొండంతా వినపడుతుంది, తలెత్తి చూస్తే కొమ్మ ఖాళీ. ఇంక దాన్ని ఫ్రాజీన్ కిటికీ మీద చూసినవాడంటూ ఒక్కడూ లేడు. అయినా ఈ మాట నమ్మనివాడు కూడా ఒక్కడూ లేడు. పిట్ట ఆమెని పేరు పెట్టి పిలుస్తుందని కూడా అంటారు గానీ, అది మరీ ఎక్కువ చేసి చెప్పడం.

పుకారు ఊరికే పుట్టలేదు. పిపిరి పిట్ట కూసే వేళకి ఫ్రాజీన్ ఎనామెల్ కప్పు పట్టుకుని వంటింటి వెనక తలుపు తీస్తుంది. అక్కడ నిలబడి ఎవరితోనో మాట్లాడుతుంది. దారిన పోయేవాళ్లకి మాటలు వినపడతాయి, బదులు వినపడదు. మొగుడు వితాలిస్ పోయి చాలా కాలమైంది, పిల్లలు రాజధానిలో ఉంటారు, ఇంట్లో పిల్లి కూడా లేదు. మరి ఎవరితో మాట్లాడుతున్నట్టు? కంచె సందులోంచి తొంగి చూసిన ఘనుల మాట ప్రకారం, ఆమె మొక్క మొక్క దగ్గరా ఆగి, "మెసి" అంటుంది. మా భాషలో అది దండం పెట్టి చెప్పినంత మాట, మేలు చేసినవాళ్లకి చెప్పేది. కలుపు మొక్కలకి చెప్పేది కాదు.

ఆ పెరడు కూడా మామూలు పెరడు కాదు. మా దగ్గర ఇంటి చుట్టూ నేలని ఊడ్చి ఊడ్చి అద్దంలా ఉంచడం మర్యాద. గడ్డి పరక మొలిచిందంటే ఆ ఇంటి ఆడదానికి బద్ధకమనీ మగవాడికి తాగుడనీ ఊరు తేల్చేస్తుంది. ఫ్రాజీన్ ఇంటి ముందు నేల కూడా అలాగే మెరుస్తుంది, అక్కడ గుండుసూది పడితే పక్క ఊరికి కనపడుతుంది. వంటిల్లు దాటి వెనక్కి వెళ్తే మాత్రం అడవే. నేలంతా అత్తిపత్తి. దాన్ని మేం సిగ్గు మారీ అంటాం, వేలు తగిలితే కొత్త పెళ్లికూతురిలా ముడుచుకుంటుంది కాబట్టి. దాని పక్కన గంగపాయల కూర చాప పరిచినట్టు ఉంటుంది. కంచె మీద అడవి కాకర పాకి, చిన్న చిన్న కాయలు పండి పగిలి, ఎర్రని గింజలు బయటపెట్టి నవ్వుతుంటుంది. నీలి పూల వెర్వెన్, పసుపూ ఎరుపూ కలిసిన తలంబ్రాల పొద, గోడ వార రణపాల, తుంచితే పాలు కారే నారింజ పూల మొక్క, ఇంకా పేరే లేనివి చాలా.

ఇంత సత్రం తెరిచి పెడితే చుట్టాలు రాకుండా ఉంటారా? పసుపు పొట్ట సిక్వియే పిట్టలు దొంగల్లో దొంగలు. తేనె తాగడానికి వచ్చి వంటింట్లో పంచదార గిన్నెలో తల దూరుస్తాయి. ఎర్ర గొంతు మ్వసోన్ పిట్ట వచ్చి రొట్టె మీద ఇంటి యజమానిలా కూర్చుంటుంది. బొటనవేలంత కోలిబ్రి పిట్ట ఆకుపచ్చగా మెరుస్తూ వెర్వెన్ పువ్వు ముందు గాల్లోనే నిలబడి తాగుతుంది, కూర్చునే తీరిక దానికి పుట్టుకతోనే లేదు. పాలమొక్క ఆకుల్ని చారల గొంగళి పురుగులు ఈనెలు మిగిల్చి తినేస్తాయి. కొన్నాళ్లకి అక్కడే నారింజ రంగు సీతాకోకచిలుకలు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. ఆ పురుగుల్ని దులిపెయ్యమని చుట్టుపక్కలవాళ్లు ఎంత చెప్పినా ఫ్రాజీన్ వినలేదు. అవి తన పిల్లల్లాంటివనీ, ముందు తినడం, తర్వాత ఎగిరిపోవడం వాటి పని అనీ అనేది.

ఆమెకి ఆ పెరటి మీద ప్రేమ ఊరికే రాలేదు. అరటి గెలలు కొనే ఓడ మా రేవుకి రావడం మానేసిన ఏడు, వితాలిస్ మంచాన పడి ఉన్నాడు. తోటలో గెలలు చెట్టుకే మగ్గి కుళ్లాయి. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కింది పచ్చి అరటికాయలూ, ఆ గంగపాయల కూరా. పిల్లలకి జ్వరమొస్తే కాకరాకు కషాయం, ఒళ్లు వేడి చేస్తే వెర్వెన్ టీ, వితాలిస్ గుండె మీద వెచ్చజేసిన రణపాల ఆకు. నాటినవి చచ్చాయి, నాటనివి నిలబెట్టాయి. అప్పట్నుంచి ఆమె ఆ పెరట్లో కత్తి పెట్టలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మా ఊళ్లో ఒకరు చెప్పుకోనివే అందరికీ బాగా తెలుసు.

ఇంతవరకూ అయితే ఆమెని పిచ్చి మనిషి అని వదిలేసేవాళ్లు. కొంప ముంచింది ఇంకో పువ్వు.

మా సెయింట్ లూసియా దీవిలో మనిషి పుట్టగానే రెండు సంగతులు తేలిపోతాయి. ఆడా మగా అనేది ఒకటి, గులాబీయా మార్గరీతా అనేది రెండోది. గులాబీ సంఘం వాళ్లది ఎరుపు. డప్పులు కొట్టి, గెంతి, చచ్చినవాణ్ని లేపేలా పాడతారు, ఆగస్టు చివర సెయింట్ రోజ్ పండగ చేస్తారు. మార్గరీత్ సంఘం వాళ్లది ఊదా. వాళ్ల పువ్వు బొగడబంతి. చేతులు కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, బతికున్నవాణ్ని నిద్రపుచ్చేలా పాడతారు, వాళ్ల పండగ అక్టోబర్లో. రెండు సంఘాలకీ రాజు, రాణి, జడ్జి, పోలీసులు, నర్సులు అందరూ ఉంటారు. అన్నీ శనివారం సాయంత్రం కాగితం కిరీటాలతో ఆడే ఆటే. కానీ ఆటలో ఒక్క నియమం మాత్రం ఆట కాదు. గులాబీ మనిషి బొగడబంతిని చేత్తో ముట్టుకోకూడదు, మార్గరీత్ మనిషి గులాబీని ముట్టుకోకూడదు. ఎందుకని అడగకూడదు. అడిగినవాడి వేళ్లు వంకర పోయాయని చెబుతారు. ఎవరివని కూడా అడగకూడదు.

ఫ్రాజీన్ గులాబీ సంఘంలో ముందు పాట పాడే మనిషి. రాజు పోతే ఇంకో తలకి కాగితం కిరీటం అతికిస్తే సరిపోతుంది, ముందు పాడే మనిషి పోతే పండగే లేదు. ఆమె పెళ్లి కాని రోజుల నుంచీ ఏటా ఆగస్టులో ఆమె గొంతే ముందు లేచేది. మనిషికి ఎన్నో కష్టాలుంటాయి, ఆమెకీ ఉన్నాయి. కానీ ఆ ఒక్క రోజు చర్చి ముందు నిలబడి గొంతెత్తి ఆ ఏడు జరిగిన మంచికంతా మెసి చెప్పేస్తే, ఇంకో ఏడు బతకడానికి ఊపిరి వచ్చేది.

ఇలాంటి మనిషి చేసుకున్నదేమో మార్గరీత్ ఇంటివాణ్ని. వితాలిస్ చెల్లెలు సిడోనీ ఇప్పటికీ మార్గరీత్ సంఘానికి రాణి, లోయ అవతల ఉంటుంది. వాళ్ల పెళ్లినాడు చర్చిలో ఒక పక్క ఎరుపు, ఒక పక్క ఊదా కూర్చుని పోటీపడి పాడితే, పెళ్లికొడుకు 'సరే' అన్నది ఫాదర్‌కి వినపడక మళ్లీ మొదటి నుంచి పెళ్లి చేశాడట. అందుకే వాళ్లది రెండు ముళ్ల పెళ్లి అని ఎగతాళి చేసేవాళ్లు. సిడోనీ కూతురికి ఫ్రాజీనే జ్ఞానస్నానపు తల్లి. అంచేత వాళ్లిద్దరూ ఒకరినొకరు 'మాకొమే' అని పిలుచుకుంటారు, ఆ పిలుపు తర్వాత వచ్చేది మాత్రం ఎప్పుడూ తిట్టే.

పెళ్లినాడు వితాలిస్ తన పువ్వుని ఇంట్లోకి తేనని మాటిచ్చాడు. మాట తప్పలేదు. ఇంట్లోకి తేలేదు. వంటింటి గోడ వెనక జేబు దులుపుకున్నాడు, అంతే. ఆయన పోయిన మరుసటి వానలకి, సిగ్గు మారీ మధ్యలోంచి ఊదా రంగు బంతులు తలలెత్తాయి.

ఎన్నో ఏళ్లు ఆ సంగతి ఎవరి కంటా పడలేదు. ఒక జూలైలో తెలెస్ఫోర్ కోడిపుంజు పారిపోయి ఫ్రాజీన్ పెరట్లో దూరింది. తెలెస్ఫోర్ వారమంతా మినీబస్సు నడుపుతాడు, శనివారం గులాబీ సంఘం పోలీసు. రేకు నక్షత్రం పెట్టిన టోపీ, చేతిలో చెక్క లాఠీ. పాట మధ్యలో ఆవలించిందని ఫాదర్‌గారి కుక్కని అరెస్టు చేసిన మనిషి. పుంజు కోసం పొదల్లో పాకుతూ వెళ్లినవాడు ముక్కుకి ఎదురుగా బొగడబంతి చూసి, పుంజుని వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు. ఆ పుంజు ఇంకో ఇంట్లో పులుసైపోయిందని వారం తర్వాత గానీ అతనికి గుర్తు రాలేదు.

శనివారం పువ్వుల కోర్టు కూర్చుంది. మామూలుగా ఆ కోర్టులో శిక్షలంటే ఒంటికాలి మీద గెంతడం, లేదంటే అందరికీ రమ్ము పోయించడం. కర్రపెండలం రొట్టెలు కాల్చి అమ్మే ముసలి ఇన్యాస్ రాజు, ఆయనే జడ్జి. ఊరందరికీ ఆయన 'పాపా', అంటే నాన్న లాంటివాడు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"ఫ్రాజీన్ గారూ, ఆ పువ్వుని మీరు ముట్టుకున్నారా?" అన్నాడు ఇన్యాస్. కోర్టులో ఉన్నప్పుడే ఆయన నోట్లోంచి ఆ 'గారూ' వస్తుంది.

"లేదు."

"నీళ్లు పోశారా?"

"గిన్నెలు కడిగిన నీళ్లు అటు విసిరాను. ఎక్కడ పడాలో వాటి ఇష్టం."

"మరి అంత ఏపుగా ఎలా పెరిగింది?"

"గింజ రాలింది, వాన కురిసింది, సీతాకోకచిలుక పెళ్లి చేసింది. నేను చేసిందల్లా కోయకపోవడం."

కోయకపోవడమే నేరమని తెలెస్ఫోర్ లాఠీ నేలకి కొట్టాడు. ఇన్యాస్ మెత్తగానే చెప్పి చూశాడు. ఒక్క పువ్వు తీసెయ్యమనీ, పెరడు కాస్త బాగు చేసుకోమనీ, దాంతో అందరి నోళ్లూ మూతపడతాయనీ అన్నాడు. ఫ్రాజీన్ తల అడ్డంగా ఊపింది.

"ఆ పెరట్లో నేను ఒక్క మొక్క నాటలేదు పాపా ఇన్యాస్. అన్నీ వాటంతట అవే వచ్చి నా పిల్లల్ని బతికించాయి. నాటనిదాన్ని నేనెట్లా పీకను?"

ఆ పువ్వు పెరట్లో ఉన్నంతవరకూ ఫ్రాజీన్ నోట గులాబీ పాట రాకూడదని తీర్పు వచ్చింది. రెండు రోజుల్లో ఆమె దిగొస్తుందని ఇన్యాస్ అనుకున్నాడు. పాట లేకుండా ఆమె ఉండలేదని అందరికీ తెలుసు. దిగి రాలేదు. సరే, సంఘమే వెళ్లి పీకేద్దామనుకున్నారు. అప్పుడు తెలిసొచ్చింది తాము చేసిన ఘనకార్యం. పీకేదెవరు? గులాబీ మనిషి ఆ పువ్వుని ముట్టుకోకూడదు కదా. కత్తితో నరికితే ముట్టుకున్నట్టా కాదా అని కోర్టు మళ్లీ కూర్చుంది. కత్తంటే చెయ్యి పొడుగేనని ఒకరు, కాదని ఒకరు. మేకని తోలుదామన్నారు. మేకకి తాడు కడితే తాడు పట్టుకున్నవాడు ముట్టుకున్నట్టేనని తేలింది, తాడు లేని మేక ఎవరి మాట వింటుంది? చివరికి ఇంక దారి లేక, మార్గరీత్ వాళ్లనే పీకమని అడగడానికి తెలెస్ఫోర్‌ని లోయ దాటించి పంపారు.

సిడోనీ అరుగు మీద కందికాయలు ఒలుచుకుంటూ అంతా విన్నది. "మా పువ్వుని మా చేత్తోనే పీకాలా నాయనా? మీ రాజుని కిరీటం తీసి మా గాడిదకి పెట్టమను. అప్పుడు ఆలోచిస్తా" అన్నది.

మార్గరీత్ వాళ్లు గట్టిగా నవ్వరు, వాళ్ల సంఘంలో అది తప్పు. ఆ వారం మాత్రం వాళ్ల నవ్వులకి లోయలోని ఏట్లో చేపలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయంటారు. ఇటు తీర్పు వెనక్కి తీసుకుంటే రాజుకి పరువు తక్కువ, అటు అమలు చేసే దారి లేదు. పువ్వు అక్కడే ఉంది. పాట మాత్రం ఆగిపోయింది.

శనివారాలు డప్పులు మోగుతుంటే ఫ్రాజీన్ వంటింటి గడప మీద కూర్చుని వినేది. ఆమె బదులు తెలెస్ఫోర్ మరదలు పాడింది. ఆ గొంతుకి ఊళ్లో కుక్కలన్నీ కొండెక్కిపోయాయి. ఫ్రాజీన్ మామూలుగా అయితే ఆ మాటకి పడిపడి నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. పండగ రోజు తను ఇంట్లో కూర్చుని ఉంటే, ఆ ఏడు జరిగినదంతా గొంతులోనే ఉండిపోతుంది. అది మింగితే దిగదు, కక్కితే రాదు. తెల్లవారి పెరట్లోకి వెళ్లడం మానలేదు గానీ నోరు తెరవడం మానేసింది. కప్పు కాస్త పైకెత్తి చూపించేది, అంతే. ఆమె మాట వినపడక దారిన పోయేవాళ్లకే ఏదోలా ఉండేది. సిఫ్లే కూడా ఆ రోజుల్లో ఈల వెయ్యలేదని చెప్పుకుంటారు.

ఆగస్టు సగమైంది. తుఫాను వచ్చింది.

ఆ గాలిని ఎట్లా చెప్పాలి? ఇన్యాస్ పంది సముద్రం మీదుగా ఎగిరి పక్కనున్న మార్టినిక్ దీవిలో దిగి, ఫ్రెంచిలో గుర్రుమనడం నేర్చుకుందంటే అబద్ధమంటారు. కానీ ఆ పంది మళ్లీ కనపడలేదన్నది నిజం. ఉదయం మొదలైన గాలి పొద్దు వాలేదాకా ఊరి మీద కూర్చుంది. సిడోనీ ఇంటి రేకులు పేకముక్కల్లా లేచిపోయాయి. ఆమె లోయలోకి దిగి, నాలుగు కాళ్ల మీద పాక్కుంటూ ఎక్కి, ఫ్రాజీన్ తలుపు కొట్టింది. ఇద్దరూ వంటింటి బల్ల కింద దూరారు. బయట ప్రపంచం ఊడిపోతుంటే, సెయింట్ రోజ్‌కి తన పేరుగల పువ్వు ఇష్టమా, ఎన్నటికీ వాడిపోని బొగడబంతి ఇష్టమా అని లోపల వాళ్లిద్దరూ గాలి ఆగేదాకా పోట్లాడుకున్నారని అంటారు. భయం తెలియకుండా ఉండడానికి అంతకన్నా మంచి మందు వాళ్లకి తెలియదు.

తలుపు తీసి చూస్తే కొండ లేదు. అంటే ఉంది, కానీ దాని మీద ఆకన్నది లేదు. నిప్పు పెట్టినట్టు కొండంతా గోధుమ రంగు. అరటి తోటలు చాపల్లా పడి ఉన్నాయి, సీమపనస చెట్లు వేళ్లు పైకి పెట్టాయి. ఊళ్లో ఒక్క గులాబీ మొక్కకి రెమ్మ మిగల్లేదు. లోయ అవతల సిడోనీ బొగడబంతి మడులన్నీ బురదతో పాటు సముద్రంలోకి పోయాయి. ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు. ఆ ఒక్క మాటకే ఊరు మోకాళ్ల మీద కూర్చుంది.

ఫ్రాజీన్ పెరడు కూడా చదునైపోయింది. కానీ నాటిన మొక్కకీ నాటని మొక్కకీ తేడా అక్కడే ఉంది. గంగపాయల కూరకి గాలి వచ్చిందని ఎవరూ చెప్పినట్టు లేదు, నేలకి అంటుకుని పచ్చగా నవ్వుతోంది. నాలుగు రోజులకి సిగ్గు మారీ గులాబీ రంగు కుచ్చులు పెట్టింది. వారం తిరిగేసరికి వెర్వెన్ నీలి పూలు తొడిగింది, తలంబ్రాల మోడు చిగిర్చింది. గోడ చాటున వంగి పడున్న బొగడబంతులు ఒక్కొక్కటీ నడుం ఎత్తాయి.

ఆకలితో ఉన్న పిట్టలకి ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, దీవిలో రెక్కలున్నదల్లా అక్కడికే వచ్చింది. కోలిబ్రిలు ఒక్క పువ్వు కోసం కత్తులు దూసుకున్నాయి. సిక్వియేలు ఈకలు తడిసి, దొంగతనానికి కూడా ఓపిక లేక గడప మీద కూర్చుంటే, ఫ్రాజీన్ ఉన్న కాస్త పంచదార నీళ్లలో కలిపి చిప్పల్లో పెట్టింది. మనుషులకే పంచదార లేదని సిడోనీ గొణిగింది. గొణుగుతూనే ఇంకో చిప్ప కడిగి తెచ్చింది. రెక్క చిరిగిన నారింజ సీతాకోకచిలుక ఒకటి ఆమె తలగుడ్డ మీద వాలితే, అది ఎగిరేదాకా ఆమె మెడ కదపలేదని కూడా వినికిడి.

పిట్టల వెనక మనుషులొచ్చారు. సహాయం మోసుకొచ్చే లారీలు దారి తెగి కొండ కిందే ఆగిపోయాయి. ఆ పెరడుని బద్ధకపు పెరడన్నవాళ్లే గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. కూర తుంచుకున్నారు, జ్వరాలకి కాకరాకు, దగ్గులకి రణపాల పట్టుకెళ్లారు. ఫ్రాజీన్ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒక్క షరతు పెట్టింది, తుంచే ముందు మొక్కకి మెసి చెప్పాలని. తెలెస్ఫోర్ అటూ ఇటూ చూసి, రేకు నక్షత్రం జేబులో దాచి, గంగపాయల కూర ముందు వంగి మెసి చెప్పాడు. గొంతు వినపడలేదని ఆమె మళ్లీ చెప్పించింది.

అప్పుడు ఇన్యాస్ వచ్చాడు. కోర్టు జడ్జిలా రాలేదు, చేతిలో టోపీ పట్టుకుని వచ్చాడు. పండగ దగ్గరపడింది. ఇంత గాలిలో ప్రాణాలు దక్కిన ఏడు సెయింట్ రోజ్‌కి మెసి చెప్పకుండా ఎలా ఉంటాం? ఊరేగింపులో గుండెల మీద కాగితం గులాబీలు పెట్టుకోవచ్చు. కానీ చర్చిలో సెయింట్ విగ్రహం పాదాల దగ్గర మాత్రం వేరున్న మొక్క మీంచి తెచ్చిన పువ్వే పెట్టాలి, మా తాతల నాటి నుంచీ అంతే. ఊరంతా వెతికారు, పక్క ఊళ్లూ వెతికారు. చివరి బల్ల మీద కూర్చున్నవాడికి కూడా కనపడేంత పువ్వు దీవి మొత్తం మీద మిగిలింది ఒక్కటే రకం. ఆయన దాని పేరు చెప్పలేక, గడ్డంతో గోడ వైపు చూపించాడు.

"ముట్టుకునేదెవరో తేల్చుకున్నారా మరి?" అంది ఫ్రాజీన్.

ఇన్యాస్ నేల చూశాడు. మేక సంగతి మళ్లీ ఎత్తడానికి ఆయనకి మొహం చెల్లలేదు. వంటింట్లో పచ్చి అరటికాయలు చెక్కు తీస్తున్న సిడోనీ కత్తి పట్టుకునే బయటికి వచ్చింది.

"నేను కోస్తా. నేనే మోస్తా. మీ ఎర్రగుడ్డల మధ్యలోంచి ఊదా గుడ్డ కట్టుకుని నడిచి, మీ సెయింట్ పాదాల దగ్గర పెడతా. కానీ మా పువ్వు మూగగా నడవదు పాపా ఇన్యాస్. ముందు మా మాకొమే పాడాలి. ఆ కుక్కల్ని తరిమే పిల్ల పాడితే నేను రాను."

"తీర్పు ఉంది కదా" అన్నాడు ఇన్యాస్, అన్నందుకు తనే సిగ్గుపడుతూ.

"పువ్వు పెరట్లో ఉన్నంతవరకూ పాడకూడదనే కదా తీర్పు? కోసి చర్చిలో పెట్టాక అది పెరట్లో ఎక్కడుంది? పాడమను."

మొక్కకి ఇంకా పూలున్నాయని అందరికీ కనపడుతూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు. ఫ్రాజీన్ లోపలికెళ్లి ఎర్ర పావడా తీసి ఎండలో వేసింది. దాని అంచు తుఫానుకి చిరిగితే, ఆ సాయంత్రం సిడోనీ కుట్టిపెట్టింది. దారం ఊదాదే దొరికింది.

పండగనాడు చర్చికి సగం కప్పు లేదు. పైనుంచి ఎండ నేరుగా బల్లల మీద పడుతోంది. ఎర్రగుడ్డల వరస మధ్యలో సిడోనీ వీపు నిటారుగా పెట్టి, గుప్పెడు బొగడబంతులు పట్టుకుని నడిచింది. ఎవరి భుజమూ ఆమెకి తగలకుండా జనం రెండుగా చీలారు. పూలు పాదాల దగ్గర పెట్టి పక్కకి జరిగింది. డప్పు మోగింది. ఫ్రాజీన్ నోరు తెరిచింది, గొంతు రాలేదు. ఇన్ని వారాలు మూసి ఉంచిన తలుపు కదా. రెండోసారి వచ్చింది.

రాజుల్నీ రాణుల్నీ పొగిడే పాట కాదది. తుఫాను రోజుల్లో పుట్టిన పాట. నేలని పట్టుకుని వదలని సిగ్గు మారీకి, అని ఆమె అంటే, మెసి, అని జనం అందుకున్నారు. గిన్నెలోకి వచ్చిన గంగపాయల కూరకి, మెసి. చేదుతో జ్వరం తరిమిన కాకరాకుకి, మెసి. ఆకలితో వచ్చి మాకు ఓర్పు నేర్పిన పిట్టకి, చిరిగిన రెక్కతో ఎగిరిన సీతాకోకచిలుకకి, మెసి, మెసి. డప్పు ఆగకుండా మోగుతోంది. తర్వాత ఆమె కాస్త ఆగి, మెల్లగా, "వితాలిస్ జేబులో గింజకి" అన్నది.

ఎవరూ పలకలేదు. అదేం గింజో అందరికీ తెలుసు. గులాబీ సంఘం పుట్టినప్పట్నుంచీ ఆ పువ్వుని తిట్టడానికే తప్ప పాటలో తలుచుకున్నవాళ్లు లేరు. డప్పు కూడా తడబడింది. అప్పుడు పక్కన ఒంటరిగా నిలబడ్డ సిడోనీ, చేతులు కట్టుకుని, వాళ్ల పద్ధతిలో నెమ్మదిగా, "మెసి" అన్నది. అన్న గింజలకి చెల్లెలు చెప్పే మెసి. దాని వెనక ఇన్యాస్ ముసలి గొంతు వచ్చింది. తర్వాత తెలెస్ఫోర్. తర్వాత చర్చి మొత్తం అంటే, మిగిలిన సగం కప్పు కూడా లేచిపోతుందేమోనని ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆకులేని కొండ మీంచి సరిగ్గా అప్పుడే సిఫ్లే ఈల వేసిందని సగం ఊరు ఒట్టు పెడుతుంది. మిగతా సగం అది తెలెస్ఫోర్ మినీబస్సు బ్రేకు అంటుంది. తెలెస్ఫోర్ లోపల నిలబడి పాడుతుంటే మరి బ్రేకు ఎవరు వేసినట్టు?

అక్టోబర్లో మార్గరీత్ వాళ్ల పండక్కి పూలూ, మళ్లీ మడులు వేసుకోవడానికి విత్తనమూ ఆ పెరట్లోంచే వెళ్లాయి. సిడోనీ కోస్తున్నంతసేపూ ఫ్రాజీన్ అటు తిరిగి నిలబడి, తనేమీ చూడలేదన్నది. ఇప్పుడు మా ఊళ్లో ఇంటి ముందు నేల అద్దంలా ఊడుస్తారు, వెనక ఒక మూల మాత్రం కత్తి పెట్టరు. తెలెస్ఫోర్ ఇంటి వెనక అయితే అతని పుంజులు దారి తప్పేంత అడవి ఉంది.

ఈ కథ ఎవరైనా ఫ్రాజీన్ ముందు చెబితే ఆమె చీపురు పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంటుంది.

"అంతా అబద్ధం. తుఫానా? కాస్త గాలి వీచింది, అంతే. కోర్టు లేదు, తీర్పు లేదు. ఆ రోజు నాకు గొంతు పట్టేసి ఇంట్లో పడుకున్నాను, పాడింది తెలెస్ఫోర్ మరదలు. మాకొమే సిడోనీ నా వంటింట్లో ఒక్క పూట కూడా తినలేదు, తింటే నేను ఊరుకునేదాన్నా? కలుపు మొక్కలకి ఎవరైనా మెసి చెబుతారా, నాకేమైనా పిచ్చా? ఇంక ఆ సిఫ్లేకి రొట్టె ముక్కలు పెట్టానని ఎవడన్నాడో వాణ్ని నా దగ్గరికి పంపు. ఆ పిట్ట రొట్టె ముట్టదు. కోకో టీ వాసన అసలే పడదు. అడవి పళ్లు తప్ప ఇంకేం పెట్టినా మొహం తిప్పుకుంటుంది."